ఎత్తగలిగితేనే కయాక్

ఆ ఏడాది వానలు మొదలైనప్పుడు మా ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆవిడ, మా అక్క. వానలు వెలిసేసరికీ ముగ్గురమే. కానీ ఇల్లు అదే ఇల్లు కాదు.

మా ఊరి పక్కనున్న సరస్సుని మేం పెద్దనీళ్ళు అంటాం. దాని ఒడ్డున పడవలు బాగుచెయ్యడం నా పని. ఊళ్ళో అందరూ మేస్త్రీ అంటారు. అక్క మాత్రం మూగెద్దు అనేది. "ముల్లుగర్ర చూపిస్తేగానీ ఇది తల ఊపదు" అని నలుగురిలో అన్నా నాకేమీ అనిపించేది కాదు. మా ఇంట్లో పొద్దు పొడిచేదే అక్క తిట్టుతో. గిన్నె కిందపడితే తిట్టు, వాన పడితే తిట్టు, పడకపోతే ఇంకో తిట్టు. మా ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో ఏడ్చింది. తర్వాత అలవాటుపడి, ఏ పూటైనా అక్క నోరు మెదపకపోతే జ్వరమేమోనని నుదుటిమీద చెయ్యి వేసి చూసేది.

వానలు తగ్గాక పెద్దనీళ్ళలో చేపల పోటీ పెడతారు. మోటారు పడవలకి ఒక రోజు, కయాకులకి ఒక రోజు. ఒకే మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుని, తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవని మేం దోనె అనేవాళ్ళం. పోటీ పెట్టినవాళ్ళు కయాక్ అన్నారు, మేమూ అన్నాం. అందులో కూర్చుని గాలం వెయ్యాలి. ఎవరి చేప పొడవైతే వాళ్ళది గెలుపు. కొలిచాక చేపని నీళ్ళలోనే వదిలెయ్యాలి. ఏళ్ళ తరబడి ఆ గెలుపు మా అక్కదే. నాన్న చేసిచ్చిన చెక్క దోనెలో, తలకి తువ్వాలు చుట్టుకుని, చేపని కూడా తిడుతూ పట్టేది. "రావే దొంగమొహమా, ఎంతసేపు నన్నిట్లా కూర్చోబెడతావ్?" అని ఆవిడ అరుస్తుంటే ఒడ్డున జనం నవ్వు ఆపుకోలేకపోయేవాళ్ళు. మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చిన మనిషికి ఊరంతా చప్పట్లు కొట్టే రోజు ఏడాదికి అదొక్కటే. మిగతా ఏడాదంతా ఆ రోజు గురించి చెప్పుకునేది.

అంతకుముందు ఏడు ఐసు ఫ్యాక్టరీవాళ్ళ అల్లుడు ఒక ప్లాస్టిక్ పడవ తెచ్చాడు. మంచమంత ఉంది. దానిమీద కుర్చీ, కుర్చీకి చేతులు, పైన గొడుగు, వెనకాల చిన్న బ్యాటరీ మోటారు. "ఇదీ కయాకే" అన్నాడు. పక్కన స్టిక్కరు కూడా చూపించాడు. అప్పటినుంచి ఊరు అతన్ని గొడుగాయన అంటోంది. ఆ పోటీలో అక్క వేలెడు తేడాతో గెలిచింది గానీ, రెండువైపులా మాటలు మిగిలిపోయాయి. అసలు కయాకంటే ఏదో తేల్చేద్దామని, వానలు మొదలవగానే పోటీ సంఘంవాళ్ళు రేవు పక్కన వలల షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టారు.

రేకుల మీద వాన దంచుతోంది. ఎవరు మాట్లాడాలన్నా అరవాల్సిందే.

"తెడ్డు లేనిది కయాకెలా అవుతుంది?" అన్నాడు లెక్కల మాస్టారు.

"నాకూ తెడ్డుంది మాస్టారూ. కుర్చీ కింద పెట్టాను" అన్నాడు గొడుగాయన.

"కుర్చీ కింద ఉంటే దాన్ని చీపురంటారు, తెడ్డనరు."

"కాళ్ళతో తొక్కేవి వస్తున్నాయిగా, వాటి సంగతేంటి?" ఎవరో అడిగారు.

"అవి సైకిళ్ళు. సైకిళ్ళ పోటీకి పొమ్మనండి."

సంఘం పెద్ద మందుల షాపాయన. ఏ మాటన్నా మాత్ర మింగిస్తున్నట్టు నెమ్మదిగా చెబుతాడు. "అందరూ అరిస్తే ఎలా? ఇంత పొడవు, ఇంత వెడల్పు అని గీత గీసేద్దాం."

"గీస్తే అక్కగారి దోనె కూడా పోతుంది. అది నడుం దగ్గర వెడల్పు."

వెనకబల్ల మీదనుంచి అక్క గొంతు ఖంగుమంది. "నా నడుం సంగతి నీకెందుకురా?"

షెడ్డు షెడ్డంతా నవ్వింది. గొడుగాయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. చెడ్డవాడు కాదు. డబ్బున్నవాడు, అంతే.

నవ్వులు తగ్గాక మందుల షాపాయన నావైపు తిరిగాడు. "మేస్త్రీ, పుట్టినప్పటినుంచీ పడవల మధ్యే ఉన్నావు. నువ్వేమంటావ్?"

పడవలు నా కంటికంటే నా భుజానికి బాగా తెలుసు. లాగి, ఎత్తి, బోర్లించి, మోసి బతికినవాణ్ణి. ఏ పడవ ఎలాంటిదో దాని బరువే చెబుతుంది. ఆ మంచంలాంటి ప్లాస్టిక్ పడవని కిందటేడు ఒడ్డుకి చేర్చడానికి నలుగురం రొప్పాం. అదే కళ్ళముందు కనిపించింది.

"కూర్చున్న మనిషే దాన్ని నీళ్ళలోంచి ఎత్తి, ఒంటరిగా ఒడ్డెక్కించగలిగితే అది కయాక్" అన్నాను. "ఇంకో చెయ్యి కావాల్సొస్తే అది పడవ."

ఎవరో చప్పట్లు మొదలెట్టారు. "తేలిపోయింది లెక్క!" అని మాస్టారు లేచి నిలబడ్డాడు. నా వీపుమీద చేతులు పడ్డాయి. "ఎప్పుడూ నోరు విప్పవు, విప్పితే ఇదీ" అన్నారెవరో. నిజం చెప్పొద్దూ, నాకు ఛాతీ కాస్త ఉబ్బింది. అంతమంది నా మాట వినడం అదే మొదలు.

అక్క కూడా చప్పట్లు కొడుతోందేమోనని వెనక్కి చూశాను.

అక్క కుడిచేతి మణికట్టుని శాలువాలోకి దాచుకుంటోంది.

అంతకుముందు చలికాలంలో రేవు మెట్లమీద జారి విరిగిన చెయ్యి అది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. తెడ్డు తిప్పగలదు, గాలం లాగగలదు. నిండు బిందె మాత్రం ఎత్తలేదు. ఆ చలికాలం తర్వాత ప్రతి సాయంత్రం ఆవిడ దోనెని నీళ్ళలోంచి ఎత్తి షెడ్డులో పెట్టేది నేనే. చెప్పులు విడిచినట్టు, తలుపు వేసినట్టు అదొక పనైపోయింది. ఎంత అలవాటైపోయిందంటే, ఎత్తేది అక్క కాదు నేనన్న సంగతే మర్చిపోయాను.

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరం ఒకే గొడుగు కింద నడిచాం. వీధిలో నీళ్ళు కాలువ కట్టాయి.

"నోరు తెరిచేదే ఏడాదికోసారి" అంది అక్క సగం దారిలో. "అదీ నామీదే తెరిచావు."

"అక్కా, నాకు గుర్తు రాలేదు."

"ఏం గుర్తు రాలేదు? నా చెయ్యా?"

"నువ్వు ఎత్తవని."

"ఎత్తేది నువ్వే కదరా సన్నాసీ!"

"అందుకే గుర్తు రాలేదు."

అక్క ఆగి నా మొహం చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. నవ్వుతూనే నా భుజమ్మీద ఒక్కటి చరిచింది, బాగున్న చేత్తో. "ఊరికే అన్నానా మూగెద్దని? నాన్న నీకు పేరు పెట్టడంలోనే పొరపాటు చేశాడు. నేను సరిచేశాను."

ఆ నవ్వు నన్ను కాసేపు కాపాడింది. ఇల్లు చేరాక ఆవిడ తువ్వాలు పిండబోయి, మణికట్టు తిరగక, మా ఆవిడ చేతికివ్వడం చూశాను.

మర్నాడే మందుల షాపుకి వెళ్ళాను. సీసాల వెనకనుంచి ఆయన మొహం వెలిగిపోతోంది.

"రా మేస్త్రీ! నీ మాట బోర్డుకెక్కేసింది. నీలిరంగు పెయింటు. ఎండ పడితే రేవులో పాతిస్తాను."

"ఆ మాట వెనక్కి తీసుకుంటానండీ."

"ఎందుకు?"

అక్క చెయ్యి సంగతి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకీ గుర్తు రాలేదట. ఆ చేతికి నొప్పి మాత్రలిచ్చింది ఆయనే.

"అక్కకి ఒక్క చెయ్యి సాయం ఇవ్వనిస్తే చాలు" అన్నాను.

"ఆవిడకి ఒకటిస్తే గొడుగాయనకి నాలుగివ్వాలి. నిన్న అతనే ముందు చప్పట్లు కొట్టాడు, చూశావా? ఇప్పుడు మారిస్తే అతన్ని ఆపడానికే ఈ నాటకమంతా ఆడామంటాడు. మేస్త్రీ, చేదుగా ఉందని మందు రాసిచ్చినవాడే కక్కేస్తే రోగి ఏం మింగుతాడు?" గొంతు తగ్గించాడు. "ఒక పని చేద్దాం. నువ్వు వెనకనుంచి చెయ్యి వెయ్యి. మేమంతా కళ్ళు మూసుకుంటాం."

ఆ మాట ఇంటికి మోసుకొచ్చాను. అక్క కూరలు తరుగుతోంది. కత్తి పక్కన పెట్టింది.

"మనుషులు కళ్ళు మూసుకునేది శవాన్ని చూడలేక, దొంగని పట్టుకోలేక" అంది. "నేను రెండూ కాదు. పోయి చెప్పు మీ మాత్రలాయనకి."

"మరి ఎలాగక్కా?"

"నువ్వన్నదే. ఎత్తాలి, అంతేగా? నా బలం పెరగదు. దోనె బరువు తగ్గుతుంది." లేచి చేతులు కడుక్కుంది. "నీ చిత్రిక ఎక్కడుంది?"

అలా మొదలైంది.

మా ఇంటి వెనక షెడ్డులో దోనెని రెండు బల్లలమీద బోర్లించి, అక్క చెక్కని చిత్రిక పట్టసాగింది. ఎడమచెయ్యి ముందు, వంకర చెయ్యి వెనక. వాన పడుతున్నంతసేపూ సర్రు సర్రుమని ఒకటే చప్పుడు. సన్నటి చెక్కపొట్టు చుట్టలు చుట్టుకుని ఆవిడ పాదాలమీద పడేది. మా ఆవిడ దాన్ని ఊడ్చి తీసుకెళ్ళి నీళ్ళపొయ్యిలో వేసేది. ఆ వానాకాలమంతా అక్క స్నానం చేసిన వేణ్ణీళ్ళు అక్క దోనెతో కాచినవే.

నేను ఆ షెడ్డులోకి వెళ్ళి ఏమీ అనలేకపోయేవాణ్ణి. అనడానికి నా దగ్గర ఒకే మాట ఉండేది, అది ఇప్పటికే బోర్డుమీద ఉంది. అందుకని నాకు తెలిసిన పని చేశాను. సాయంత్రం అక్క చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే చిత్రిక విప్పి, బ్లేడుని సానరాయి మీద నూరి, గోటిమీద పెట్టి చూసుకుని, మళ్ళీ బిగించి అక్కడే పెట్టేవాణ్ణి. మొద్దు బ్లేడుతో ఆ చెయ్యి నొప్పెడుతుందని. నొప్పి తగ్గించాననే అనుకున్నాను. పదునైన బ్లేడు ఒక్క తోపుకి రెట్టింపు చెక్క తీస్తుందని చిత్రిక పట్టడం నేర్చుకునే పిల్లాడికైనా తెలుసు. నాకూ తెలుసు.

ఒకరోజు సానరాయి కడుగుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడింది.

"ఏమండీ, ఆ బ్లేడు నూరేది మీరేనా?"

"ఊఁ."

"వదినకి తెలుసా?"

"తెలిసే ఉంటుంది."

"పడవకి తెలుసా?" అంది. జవాబు కోసం ఆగలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

రెండు మూడు రోజులకోసారి అక్క దోనెని ఎత్తి చూసేది. మోకాళ్ళ దాకా లేచేది, అక్కడ వంకర చెయ్యి మొరాయించేది. తిట్టేది. దోనెని తిట్టేది, చేతిని తిట్టేది, చెక్కని ఇంత మందంగా పెట్టినందుకు పోయిన నాన్నని తిట్టేది. మళ్ళీ చిత్రిక పట్టేది. చెక్క చాలదన్నట్టు తర్వాత లోపలి అడ్డుకర్రలమీద పడింది. పక్కలు రెండూ లోపలికి నొక్కుకుపోకుండా పట్టుకునేవి అవి. ఒకదాన్ని విడిచి ఒకదాన్ని ఊడబీకింది.

"అక్కా, ఇంక చాలేమో" అన్నాను ఆ రోజు.

"నీ 'చాలు' నాకెందుకురా? నా భుజం చెప్పాలి చాలని. రూలు రాసినవాడివి రాసి ఊరుకున్నావు. మొయ్యాల్సినదాన్ని మొయ్యనీ."

నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా వచ్చు.

వానలు తెరిపిచ్చాక ఒక మధ్యాహ్నం పెరట్లోంచి కేక. "అమ్మాయ్! బయటికి రావే, చూద్దువుగాని!" మా ఆవిడ, నేను పరిగెత్తుకెళ్ళాం. జుట్టునిండా చెక్కపొట్టుతో, భుజమ్మీద దోనెతో, అక్క పెరడంతా చుట్టి వస్తోంది. బావి చుట్టూ ఒకసారి, బట్టలు ఆరేసిన తాడు కిందనుంచి వంగి ఇంకోసారి. యాభై దాటిన మనిషి చిన్నపిల్లలా ఎగురుతోంది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను నవ్వాను. కళ్ళు కూడా తుడుచుకున్నాను.

కానీ దోనె దగ్గరికి వెళ్ళలేదు. ఎప్పుడు ఏ పడవ కనబడినా నా చెయ్యి దానంతటదే వెళ్ళి తడుముతుంది. ఆ రోజు చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను. తాకితే తెలుస్తుంది. తెలిస్తే చెప్పాలి.

పోటీరోజు పొద్దున ఎండ తెల్లగా కాసింది. పెద్దనీళ్ళు ఒడ్డులు ఒరుసుకుని ఉన్నాయి. రేవులో నా మాట నీలిరంగు అక్షరాల్లో నిలబడి ఉంది. నీళ్ళ అంచునుంచి కాస్త పైన, ఇసకలో మాస్టారు కర్రతో గీత గీశాడు. ఎవరి కయాక్ వాళ్ళు ఎత్తుకుని ఆ గీత దాటాలి. దాటాక మేస్త్రీ, అంటే నేను, పడవని ఒకసారి చూసి ఔనో కాదో చెప్పాలి.

ముందు గొడుగాయన వచ్చాడు. జనం గుసగుసలు మొదలెట్టారు, ఇతని పని అయిపోయిందని. అతను గొడుగు పీకాడు. కుర్చీ విప్పి అత్తగారి చేతికిచ్చాడు. మోటారు, బ్యాటరీ తీసి ఇసకలో పెట్టాడు. తర్వాత చొక్కా విప్పి, ఆ ప్లాస్టిక్ డొప్పని "హుప్" అని నెత్తికెత్తుకుని, నాట్యం చేసినట్టు నడుం తిప్పుతూ గీత దాటేశాడు. "మేస్త్రీ, నీ రూలు నాకు వ్యాయామం నేర్పింది!" అన్నాడు రొప్పుతూ. నిజమే. నేను ఎవరిని ఆపుదామని ఆ మాటన్నానో అతన్ని ఆ మాట ఆపలేదు.

"కయాకే" అన్నాను.

తర్వాతివాళ్ళంతా ఎత్తారు. చివరికి అక్క వచ్చింది. తలకి తువ్వాలు చుట్టింది. వంగింది. మోకాళ్ళ దగ్గర ఒక్క క్షణం ఆగింది. దోనె లేచి భుజమ్మీద కూర్చుంది. గీత దాటేసరికి రేవు దద్దరిల్లింది. దోనెని నా ముందు దింపి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"చూడరా మేస్త్రీ. బాగా చూడు. నీ కయాక్."

ఈసారి చేతులు వెనక్కి కట్టుకోవడానికి లేదు. దోనె పక్కన కూర్చున్నాను. ఎండ అవతలివైపునుంచి పడుతోంది. పక్క చెక్కలో తేనెరంగు వెలుగు కనిపించింది. చెక్కలో వెలుగు కనిపించకూడదు. కాళ్ళు తన్నిపెట్టుకునే చోట బొటనవేలు పెట్టి నొక్కాను. మాగిన పండు నొక్కినట్టు లోపలికి వెళ్ళింది. వేలు తీశాక మెల్లగా పైకొచ్చింది.

"ఏమంటావ్ మేస్త్రీ?" అన్నాడు మందుల షాపాయన.

రూలులో చెక్క మందం లేదు. ఎత్తాలని ఉంది, ఎత్తింది. తల ఎత్తి చూశాను. అక్క నా నోటివైపు చూస్తోంది. చెమట తువ్వాలులోంచి కారి కనుబొమలమీద ఆగింది.

"కయాకే" అన్నాను.

తర్వాత జరిగింది అందరూ చూశారు.

ఎండ నడినెత్తికెక్కే వేళ, నీళ్ళు లోతుగా ఉండే ఎదురొడ్డు దగ్గర అక్క గాలానికి చేప తగిలింది. ఒడ్డునుంచి గాలపుకర్ర వంగడం చూశాం. అంతగా వంగడం ఎప్పుడూ చూడలేదు. నీళ్ళమీద అక్క గొంతు తేలి వచ్చింది. "ఆగవే, ఆగు, నీ పొగరు దించుతా!" జనం నవ్వారు. అక్క వెనక్కి వాలి, చేపని లాగడానికి, ఎప్పటిలాగే రెండు కాళ్ళూ పక్క చెక్కకి తన్నిపెట్టింది.

చప్పుడు మా దాకా రాలేదు. ఆకు మడిచినట్టు దోనె నడుం దగ్గర మడతపడింది, అంతే. తువ్వాలు ఒక్కటే పైన కనిపించింది.

లైఫ్ జాకెట్టు ఉంది కాబట్టి మునగలేదు. దగ్గరలో గొడుగాయన ఉన్నాడు కాబట్టి చప్పున అందుకున్నాడు. కుర్చీలేని అతని పడవమీద అక్కని పడుకోబెట్టి ఒడ్డుకి తెచ్చాడు. చీలిన చెక్క పిక్కని పొడవునా కోసేసింది. వంకర చెయ్యి మళ్ళీ అక్కడే విరిగింది. ఒడ్డున నేను నీళ్ళలోకి నడుం దాకా దిగి ఎత్తుకున్నాను. దోనె మోసే భుజమ్మీదే అక్కని మోశాను. తేలిగ్గా ఉంది. దోనెతోపాటు తననీ చిత్రిక పట్టుకుందా అనిపించింది.

ఆస్పత్రినుంచి వచ్చాక అక్క సరస్సు కనబడే గది వదిలేసి వెనకగదికి మారింది. గాలిలేదని మా ఆవిడ ఎంత చెప్పినా వినలేదు. అదీ కాదు భరించలేనిది. అక్క తిట్టడం మానేసింది.

గిన్నె కిందపడితే "ఫర్వాలేదమ్మా" అనేది. "ఏం వండమంటావు వదినా" అంటే "ఏదైనా సరే" అనేది. నేను మంచం పక్కన నిలబడి, నిలబడి, "ఏమన్నా కావాలా అక్కా?" అంటే "ఏం వద్దు నాయనా" అనేది.

నాయనా! అది పరాయివాళ్ళకి వాడే మాట. దారి అడిగినవాడికి చెప్పే మాట.

మా ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, తిరిగి వెళ్ళి, అక్క నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. వంటింట్లోకొచ్చి నావైపు చూడకుండా గిన్నెలు తోమింది.

గొడుగాయన చూడ్డానికి వచ్చాడు. ఆ ఏడు గెలుపు అతనిదే. కప్పు చేతిలో పట్టుకొచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక మంచం కింద పెట్టబోయాడు. "అక్కా, ఆ చేపని నేను చూశాను. దాని ముందు నాది పిల్లచేప. ఇది నీదే."

"చూస్తే చాలదు నాయనా, కొలవాలి" అంది అక్క. "తీసుకెళ్ళు."

అతనూ నాయనే అయ్యాడు.

ఇంట్లో నన్నెవరూ ఏమీ అనలేదు. ఊళ్ళోనూ అనలేదు. "నువ్వేం చేస్తావు మేస్త్రీ, రూలు ప్రకారమే చెప్పావు" అనేవాళ్ళు. ఆ మాట వింటుంటే బొటనవేలు కింద చెక్క లోపలికి వెళ్ళి మెల్లగా పైకి రావడం మళ్ళీ తెలిసేది. బ్లేడు నూరడం మానేశాను. మొద్దుబారిన దానితోనే పని లాగించాను.

వానలు పూర్తిగా వెనకబట్టాయి. రేవులో బురద గట్టిపడి పగుళ్ళిచ్చిన రోజుల్లో, మందుల షాపాయన, లెక్కల మాస్టారు మా ఇంటికి వచ్చారు. బోర్డు పీకి పట్టుకొచ్చారు. అరుగుమీద ఆనించారు. నా నీలిరంగు అక్షరాలు నాకెదురుగా నిలబడ్డాయి.

"ఇది మార్చాలి మేస్త్రీ" అన్నాడు మందుల షాపాయన. "మళ్ళీ ఏటికైనా ఇలాంటిది జరక్కూడదు. నువ్వే చెప్పు, కయాకంటే ఏంటి?"

నోరు తెరిచాను.

"వాణ్ణి అడక్కండి" అంది వెనకనుంచి ఒక గొంతు. అక్క కర్ర ఊతంతో గుమ్మం దాకా వచ్చి నిలబడింది. "ఎద్దు రంకె వేస్తే ఒకసారి నేను మునిగాను. ఈసారి ఊరు మునుగుతుంది."

మందుల షాపాయనకి నవ్వాలో వద్దో తెలియలేదు. లోపల వంటింట్లో గిన్నె ఏదో కిందపడింది. "పడెయ్, అన్నీ పడెయ్! రేపటినుంచి ఆకుల్లో తిందాం!" అంది అక్క అటు తిరిగి. లోపలినుంచి మా ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో అర్థంకాని చప్పుడు వచ్చింది.

"అయితే మీరే చెప్పండి అక్కగారూ" అన్నాడు మాస్టారు.

అక్క బోర్డు చదివింది. తీరిగ్గా, అక్షరం అక్షరం.

"తెడ్డు ఎత్తగలిగితే చాలు" అంది. "పడవని నీళ్ళెత్తుతాయి."

మాస్టారు ఆ మాటని రెండుసార్లు పెదాలతో అనుకున్నాడు. బోర్డు చంకన పెట్టుకుని ఇద్దరూ వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక షెడ్డులోకి పోయి ఒక చేపలవాడి దోనెకి వెయ్యాల్సిన పక్క చెక్క తీసుకున్నాను. చిత్రిక పట్టసాగాను. మొద్దు బ్లేడు చెక్కని తియ్యకుండా గీరుతోంది. కాసేపటికి కర్ర చప్పుడు వినబడింది. అక్క వచ్చి, తన దోనె బోర్లించి ఉండే ఆ ఖాళీ బల్లమీద కూర్చుంది.

"ఆ మొద్దుదానితో ఎంతకాలం గీకుతావురా?"

"మొద్దుదే మంచిదక్కా."

అక్క కర్రని బల్లకి ఆనించింది.

"ఆ రోజు నీ వేలు లోపలికి పోవడం నేను చూశాను" అంది.

చిత్రిక ఆగిపోయింది.

"చూసి మరీ ఎక్కావా?"

"నువ్వు కయాకే అన్నావుగా." గోడవైపు చూస్తూ అంది, మామూలు గొంతుతోనే. "నీకు మాటే రాదు. వచ్చిన మాట అబద్ధమవుతుందని నాకేం తెలుసు?"

చిత్రికలో ఇరుక్కున్న పొట్టుని గోటితో తీశాను.

అక్క లేచింది. కట్టు విప్పిన ఆ వంకర చెయ్యి చాపి, నేను చిత్రిక పడుతున్న చెక్కమీద బొటనవేలు పెట్టింది. ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. చెక్క కదల్లేదు.

"చాలు" అంది. "ఇంక తియ్యకు."

చెక్క ఇంకా సగం కూడా పలచబడలేదు. అయినా చిత్రిక పక్కన పెట్టేశాను. అలాగే బిగించి ఇచ్చాను. ఆ దోనె రాయిలా ఉందని ఆ చేపలవాడు ఇప్పటికీ సణుగుతుంటాడు. ఒంటరిగా ఎత్తలేడు. సాయంత్రం ఒడ్డుకి రాగానే నన్ను కేకేస్తాడు. వెళ్ళి ఒక చెయ్యి వేసి వస్తాను.